పోయేటోళ్ల పుస్తకం

అయినా ఈ పీట ఇంత పొట్టిగా ఉండాలని పట్టుబట్టింది కూడా నేనే కదా, పెద్దవాళ్లు వచ్చి కూర్చుంటే పిల్లల కళ్ల ఎత్తులో ఉండాలి, కుర్చీ వేస్తే ఇన్‌స్పెక్షనుకి వచ్చినట్టుంటుంది అని బడి కమిటీలో అరగంట వాదించాను, ఇప్పుడు మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి, కుచ్చిళ్లు ఎటు సర్దినా కుదరడం లేదు, అనుభవించు విజయశ్రీ, నువ్వు పెట్టిన రూలు నువ్వే అనుభవించు, నాలుగో తరగతి, ఇరవై ఆరుమంది పిల్లలు, చాపల మీద ఆరు గుంపులు, కిటికీ పక్క గుంపులో నా కూతురు స్నిగ్ధ, పొద్దుటినుంచి ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు, మెడ బిగించుకుని కూర్చుంది, నా మీద కోపం, ఉండదా మరి, నా ఒళ్లో ఎర్ర అట్ట పొడుగు పుస్తకం, మధ్యాహ్నం అన్నం గంట కొట్టేలోపు ఇందులో ఒక కారణం రాసి సంతకం పెడితే దానికి టీసీ ఇస్తారు, సాయంత్రం అయిదులోపు ఆ టీసీ తీసుకెళ్లి కూకట్‌పల్లి అవతల పెద్ద స్కూల్లో ఇవ్వకపోతే సీటు పోతుందని మా ఆయన ఆత్రేయ ఇప్పటికి మూడుసార్లు ఫోన్ చేశాడు, ఒక్క ముక్క రాయడానికి ఎంతసేపు విజయా అంటాడు, ఒక్క ముక్కే, నిజమే, ఆ ఒక్క ముక్క రాయలేకే చస్తున్నాను, తేదీ మాత్రం వేశాను, పన్నెండు రెండు రెండువేల పది, శుక్రవారం, తేదీ పక్కన గీత గీసిన ఖాళీ, కారణం.

ఈ పుస్తకానికి మేం పెట్టిన పేరు విరమణల నమోదు, పిల్లలు పెట్టిన పేరు పోయేటోళ్ల పుస్తకం, వాళ్ల పేరే నిలిచింది, ఆరేళ్ల కిందట ఈ క్యాంపస్ బడి మూసేస్తారనుకున్నారు, ప్రొఫెసర్ల పిల్లలంతా పసుపుపచ్చ బస్సులెక్కి ఎక్కడెక్కడికో పోయారు, ఇంకో దారిలేని అటెండర్ల పిల్లలు నలభైమంది మిగిలారు, అప్పుడు నేను కమిటీ సెక్రటరీని, యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పే మనిషిని, ఇంకేం, మూడు కుండలు తెప్పించాను, పాఠాలు చెప్పేవాళ్ల పిల్లల పేర్లు ఒకదాంట్లో, అటెండర్లవి, మెస్సు వంటవాళ్లవి, తోటమాలులవి ఒకదాంట్లో, లాలాపేట నుంచి మౌలాలి దాకా బస్తీల పిల్లలవి ఒకదాంట్లో, ఒక్కో కుండలోంచి సమానంగా చీటీలు, అన్ని రకాల ఇళ్ల పిల్లలూ ఒకే చాప మీద కూర్చుంటే తప్ప అది బడి కాదు, దుకాణం అని మైకులో చెప్పాను, చప్పట్లు కొట్టారు, ఆ చప్పట్లు నాకు బాగా నచ్చాయి, అది కూడా ఒప్పుకోవాలి, ఆ ఏడాదే చైతన్య అనే పిల్లవాడు ఒక సోమవారం నుంచి కనబడకుండా పోయాడు, చెప్పాపెట్టకుండా మాన్పించారు, పిల్లలు వారం రోజులు చాప మీద వాడి చోటు వదిలి కూర్చున్నారు, ఎవరైనా అటు జరిగితే చైతన్యది అది అని తోసేసేవాళ్లు, అది చూసి పెట్టాను ఈ రూలు, ఏ బడి ఎంచుకోవాలన్నది తల్లిదండ్రుల ఇష్టమే, కాదనం, కానీ వెళ్లేముందు ఒక పూట తరగతిలో పిల్లల మధ్య కూర్చోవాలి, ఆ తర్వాత కారణం సొంత చేత్తో తెలుగులో రాయాలి, ఆ కారణం మధ్యాహ్నం పిల్లలకి చదివి వినిపిస్తాం, పిల్లల ముఖం మీద చెప్పలేని కారణం అయితే అది కారణమే కాదు, ఈ ఆఖరి ముక్క కూడా నాదే, చెప్పేవి శ్రీరంగనీతులు, అని మా అత్తగారు చిట్టెమ్మగారు అప్పుడే అన్నారు, మిగతా సగం ఆవిడ మింగేశారు, మర్యాదస్తురాలు.

పేజీలు తిప్పుతుంటే ఇదిగో సోమయాజులుగారి దస్తూరి, ముత్యాల్లాంటి అక్షరాలు, కారణం బదిలీ అయింది, బదిలీ లేదు ఏమీ లేదు, విద్యానగర్‌లో సొంతిల్లు ఉన్న మనిషి, పిల్లవాణ్ణి బస్సు స్కూల్లో వేశాడు, ఆ సంగతి తెలిసి నిండు మీటింగులో నిలబెట్టి అడిగాను, మీ బదిలీ విద్యానగర్ నుంచి విద్యానగర్‌కా అండీ అని, అందరూ ఘొల్లున నవ్వారు, ఆయన కండువా సర్దుకుని, అమ్మాయ్, నీ బిడ్డకి ఇంకా అయిదేళ్లు నిండలేదు, నిండనీ, నీ దాకా రానీ అప్పుడు చూద్దాం అన్నాడు, అంతే, గొడవ కూడా పెట్టుకోలేదు, నేను ఇంటికొచ్చి పులిహోర తింటూ ఆత్రేయకి ఈ కథంతా చెప్పి నవ్వాను, మూడేళ్ల క్రితం పోయాడాయన, పరామర్శకి కూడా వెళ్లలేదు, ఇంకో పేజీ, ఇవన్నీ ఈ రెండు నెలల్లోవి, డిసెంబరు ఇరవై ఒకటి, ఆరోగ్య కారణాలు, జనవరి ఆరు, తాతగారి దగ్గర ఉండి చదువుకుంటాడు, జనవరి పద్దెనిమిది, ఇల్లు మారుతున్నాం, ముగ్గురూ మా వైపు వాళ్లే, గుంటూరు ఒకరు, కర్నూలు ఒకరు, తణుకు ఒకరు, ఆరోగ్య కారణాలు అని చదివినప్పుడు పిల్లలు టీచర్‌ని అడిగారట, ఏం జొరం టీచర్, మేం చూడనీకి పోదామా అని, పండ్లు తీసుకుని పోదామని చిల్లర కూడా పోగేశారట, స్నిగ్ధ ఇంటికొచ్చి చెప్పింది, అమ్మా వాడికి ఏ జొరమూ లేదు, మనం ఆంధ్రావాళ్లమని వాడు వెళ్లిపోయాడు, అందరికీ తెలుసు, తెలిసీ పండ్లకి డబ్బులిచ్చారు అంది, అంది కదా, నేను ఏం చేశాను, అన్నం తిను ముందు అన్నాను.

అన్నపూర్ణ టీచర్ బోర్డు మీద రాసింది, మా ఇంటి నుంచి బడికి దారి, అనంతపురం మనిషి, ఇరవై ఏళ్ల నుంచి ఈ బడికి హెడ్మిస్ట్రెస్సు, నాలుగో తరగతి ఇప్పటికీ తనే చెప్తుంది, గుంపుకో పెద్ద అట్టకాగితం ఇచ్చింది, పిల్లలు బోర్లా పడుకుని గీస్తున్నారు, తార్నాక చౌరస్తా ఎంత పెద్దదిగా వేయాలని ఒక కొట్లాట, రైలు గేటు మర్చిపోయారని ఇంకో కొట్లాట, మౌలాలి నుంచి వచ్చే నౌషీన్ లేచి, టీచర్, పోలీసు వ్యాను రోజొక జాగల ఉంటది, దాన్ని ఏడ పెట్టాలె అని అడిగింది, పెన్సిలుతో గీయి తల్లీ, జరిగినప్పుడు చెరిపి మళ్లా గీస్కోవచ్చు, ముళ్లకంచె కూడా పెన్సిలుతోనే అంది అన్నపూర్ణ, గొంతులో ఏ తేడా లేదు, ఈ ఆవిడకి భయం లేదా అనుకుని మొన్న అడిగేశాను, అందరూ పోతున్నారు కదండీ మీకేం అనిపించదా అని, పొమ్మంటే పోతా లేమ్మా, పొమ్మన్నోళ్లు ఇంకా నా ఎదురుగా వచ్చి అనలేదు, అనేదాకా ఈ పిల్లోళ్లకి ఎక్కాలు చెప్పొద్దా అంది, దూరంగా ఆర్ట్స్ కాలేజీ వైపు నినాదాలు మొదలయ్యాయి, జై అని ఒక గొంతు, తెలంగాణ అని వెయ్యి గొంతులు, పిల్లలు తలెత్తకుండానే రంగులేస్తూ ఆ వరస అందుకున్నారు, స్నిగ్ధ కూడా, పెదాలు కదులుతున్నాయి, నాకు ఒక్క క్షణం ఒళ్లు జల్లుమంది, కోపమా అంటే కాదు, ఈ పిల్ల పుట్టింది తార్నాకలో, ఎనిమిదో నంబరు వీధి దాటితే దానికి ఊరు లేదు, తెనాలి అంటే దానికి అమ్మమ్మ ఫోను, ఇదే దాని ఊరు, మరి నేను దాన్ని ఎక్కణ్ణించి ఎక్కడికి తీసుకుపోతున్నట్టు, అయినా భయం అబద్ధం కాదు, మా వీధి మలుపులో బస్సు అద్దాలు పగిలాయి, పక్కింటివాళ్లు నేమ్‌ప్లేటు తీసి లోపల పెట్టుకున్నారు, నా క్లాసులో నాకు ఇష్టమైన కుర్రాడే ఒకడు, మేడం మీరు మంచోళ్లే గాని మీ ఉద్యోగం మాది అన్నాడు, ఉద్యోగాల లెక్కలు నాకూ తెలుసు, లెక్కల్లో వాడు చెప్పింది తప్పు కాదు, ఆ రాత్రి నిద్రపట్టలేదు.

స్నిగ్ధ పక్కన బోర్లా పడుకున్నది రజిత, రెండు జడలు, మోచేతి మీద పాత కాలిన మచ్చ, నా డిపార్ట్‌మెంటులో అటెండరు రాజలింగం కూతురు, ఈ వారం జతలు మార్చినప్పుడు కూడా ఇద్దరూ బతిమాలి మళ్లీ ఒకే చోట పడ్డారట, ఇద్దరి పటం ఒక్కటే, ఇక్కణ్ణించి కనబడుతోంది, తార్నాకలో మా ఇల్లు వేసింది స్నిగ్ధ, ఒక డబ్బా, రెండు కిటికీలు, అంతే, అటువైపు లాలాపేటలో రజిత వాళ్ల ఇల్లు మాత్రం ఎంత ఓపిగ్గా వేస్తోందో, నీలం తలుపు, పక్కన పైకి పోయే మెట్లు, మెట్ల కింద బోరింగు, గుమ్మం మీద నిమ్మకాయలు, గాడ కాదే, బోరింగు ఇవతల, నువ్వు కాళ్లు కడుక్కున్నవు సూడు, గీడ అని రజిత వేలు పెట్టి చూపిస్తోంది, నా కూతురు ఆ ఇంటికి వెళ్లింది ఒక్కసారే, నేనూ వెళ్లాను ఆ ఇంటికి, నాకు నీలం తలుపు గుర్తులేదు, మెట్లు గుర్తులేవు, ఏమీ గుర్తులేదు, నా అరుపు మాత్రం గుర్తుంది.

డిసెంబరులో ఆ రోజు నేను సికింద్రాబాద్‌లో పేపర్లు దిద్దడానికి వెళ్లాను, మధ్యాహ్నం నుంచి ఫోన్లు కలవడం మానేశాయి, చౌరస్తాలో ఆటో ఆపేశారు, అక్కణ్ణించి పరుగు, గేటు దగ్గరికి వచ్చేసరికి గాలంతా మిరపకాయలు మాడినట్టు, కళ్లు తెరవలేకపోతున్నాను, బడి ఖాళీ, వాచ్‌మన్ తడి తువ్వాలు మూతికి కట్టుకుని, మీ పాపను రాజలింగం తీస్కపోయిండు మేడం, పోలీసోళ్లు కాల్చిన గ్యాసు గోలీలు రెండు గీ కాంపౌండులనే పడ్డయి, పిల్లలు దగ్గుతున్నరు, ఇద్దరినీ బండి మీద కూసోబెట్టుకోని లాలాపేట పోయిండు, టీచరమ్మ మీకు ఫోన్ చేస్తనే ఉన్నది, తగుల్తలేదు అన్నాడు, ఇంత స్పష్టంగా చెప్పాడు, విన్నాను, అర్థమైంది, రాజలింగం నాకు కొత్తా, పదకొండేళ్లుగా నా టేబుల్ మీద నీళ్లు పెట్టే మనిషి, స్నిగ్ధ పుట్టినప్పుడు వాళ్లావిడ కుట్టిన బొంత పంపిన మనిషి, అయినా సరే, అంతకుముందు రోజే అతన్ని ఉద్యమం టెంటులో చూశాను, మెడలో కండువా, పిడికిలెత్తి నినాదం, నన్ను చూసి మధ్యలో ఆపి నమస్తే మేడం అన్నాడు, మళ్లీ అందుకున్నాడు, ఆ పిడికిలే నా కళ్లముందు నిలబడింది, నమస్తే నిలబడలేదు, అక్కడే గేటు పట్టుకుని ఆత్రేయ వాళ్ల బంధువు ఒకాయనకి ఫోన్ చేశాను, పోలీసుల్లో పెద్ద ఉద్యోగం, ఆ ఫోన్ మాత్రం ఒక్కసారికే కలిసింది, దరిద్రం, టెంటులో కూర్చునే మనిషండీ, పేరు రాజలింగం, నా కూతుర్ని తీసుకుపోయాడు అన్నాను, అక్షరాలా ఇవే మాటలు, ఇంకేమీ చెప్పలేదు, అటెండరని చెప్పలేదు, వాళ్ల అమ్మాయీ మా అమ్మాయీ ఒకే చాప మీద కూర్చుంటారని చెప్పలేదు, లాలాపేటలో ఇల్లు కనుక్కుని వెళ్లేసరికి స్నిగ్ధ తలకి తుండుగుడ్డ చుట్టుకుని రజితతో ఒకే కంచంలో పప్పన్నం తింటోంది, నవ్వుతోంది, నన్ను చూసి చెయ్యి ఊపింది, నేను రెక్క పుచ్చుకుని లేపాను, ఎవరు చెప్పారు నీకు నా పిల్లని తీసుకురమ్మని అని అరిచాను, గల్లీ అంతా బయటికొచ్చింది, రాజలింగం చెంబు పట్టుకుని నిలబడ్డాడు, మేడం, మొకం జూడుండ్రి ఎట్లయిందో, జర నీళ్లు తాగి పోండ్రి అన్నాడు, తాగలేదు, ఆటోలో స్నిగ్ధ ఎంగిలి చెయ్యి గాల్లో పట్టుకుని కూర్చుంది, చెయ్యి కడుక్కోనివ్వలేదు అమ్మా నువ్వు అని ఒక్కటే మాట అంది, ఇంటికొచ్చాక ఆ పోలీసాయనకి పాప దొరికిందండీ అని చెప్పాను, సంతోషం అమ్మా అన్నాడు, మరి అతని పేరు వదిలేయండి అనాలా వద్దా, అనాలని తోచలేదు, లేదు, తోచింది, ఇప్పుడు అబద్ధమెందుకు, తోచింది, ఫోన్ మళ్లీ చేయడానికి మొహమాటపడ్డాను, ఒక మనిషి గురించి రెండోసారి ఫోన్ చేయడానికి నాకు మొహమాటం.

మర్నాడు పొద్దున రాజలింగాన్ని టెంటు దగ్గర పోలీసులు తీసుకుపోయారట, నాలుగో రోజున డ్యూటీకి వచ్చాడు, ఎడంచేత్తో గ్లాసు పట్టుకుని నా టేబుల్ మీద పెట్టాడు, కుడిచెయ్యి మణికట్టు దగ్గర ఉబ్బి ఉంది, ఏమైంది రాజలింగం అని అడిగాను, తెలిసే అడిగాను, ఎవలో నా పేరు ఇచ్చిన్రట మేడం, గా లిస్టుల పెద్ద పెద్ద లీడర్ల పేర్లు, నడిమిట్ల నాది, నేనేడి లీడర్‌ను, బెల్లు కొట్టెటోన్ని అని నవ్వాడు, నవ్వాడు మహానుభావుడు, అప్పుడు చెప్పాలి, గదిలో ఇంకెవరూ లేరు, ఫ్యాను తిరుగుతోంది, చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దేవుడు కూడా ఇవ్వడు, నేను ఏమన్నాను, అలాగా అన్నాను, అలాగా, ఒక్క మాట, తేలు కుట్టిన దొంగలా, ఆ నీళ్లు తాగి పేపర్లు దిద్దుకున్నాను, పాప మంచిగున్నదా మేడం, ఆ పొగకు మా రజిత ఇంకా దగ్గుతనే ఉన్నది అన్నాడు, బాగుంది అన్నాను, అంతే, ఆ రోజు నుంచి ఆ మాట చెవిలోంచి పోవడం లేదు, అలాగా, క్లాసులో బోర్డు మీద రాస్తుంటే, కూర తరుగుతుంటే, అలాగా.

మేడం అని పక్కన చిన్న గొంతు, రజిత, చేతికంతా నీలం రంగు, మా నాన్న చెప్పమన్నడు మేడం, టీసీ మీద యూనివర్సిటీ ఆఫీసుల ముద్ర కొట్టియ్యాలంట, గేటుకాడ పోలీసోళ్లు ఎవల్నీ పోనిస్తలేరు, మీరు నడవకుండ్రి, కాయితం నాకిస్తె నాన్న కొట్టించుకోనొస్తడంట, ఆయనను ఎర్కే అందరికి అంది, ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేసి నిలబడింది, సరేనమ్మా అన్నానో తల ఊపానో తెలియదు, అది కదలదే, మేడం, స్నిగ్ధకు గాడ జత ఉంటదా అంది, ఉంటారమ్మా చాలామంది ఉంటారు అన్నాను, చాలామంది గాదు మేడం, జత అంది, పోయి చాప మీద పడుకుంది, ఈ పిల్ల నన్ను ఒక్కసారి కోపంగా చూస్తే బాగుండును, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఈ పిల్ల ఏం మాట్లాడినా నాకే తగులుతోంది, పొద్దుటినుంచి దీని కళ్లలో పడకుండా మొహం పుస్తకంలో పెట్టుకుని కూర్చున్నాను, రెండు నెలలుగా ఇంతే, సాయంత్రం బడి వదిలేవేళకి వచ్చేదాన్ని, మానేశాను, ఆటో మాట్లాడాను, ఇది వచ్చి నమస్తే మేడం అంటుందని.

ఫోను మోగింది, బయటికి వెళ్లి మాట్లాడుతున్నాను, ఆత్రేయ, ఇల్లు మారుతున్నాం అని రాసెయ్ విజయా, అబద్ధం కూడా కాదు, మా అన్నయ్య వాళ్ల ఫ్లాటు పైన ఖాళీ అవుతోంది, అద్దెకి అడిగాను కూడా అన్నాడు, మంచివాడే, పిల్ల కోసం బెంగపెట్టుకుని బరువు కూడా తగ్గాడు, వచ్చి మళ్లీ పీట మీద కూర్చుని రాయబోయాను, ఇల్లు, అని రాశాను, జనవరి పద్దెనిమిదిన కూడా ఇల్లే, అడుగుతారు, మీ ఇల్లు మంచిగ లేదా తార్నాకల అని నౌషీన్ అడుగుతుంది, కొట్టేశాను, స్నిగ్ధ భద్రత కోసం, ఇది రాయనా, భద్రత అంటే ఏంది టీచర్ అంటుంది రజిత, ఎవరూ ఏమీ చేయకుండా అని చెప్తుంది అన్నపూర్ణ, ఎవలు ఏం చేస్తరు టీచర్ అంటుంది, దానికి జవాబు ఎవరు చెప్పాలి, పొగలో వచ్చి ఎత్తుకుపోయి తలకి గుడ్డ చుట్టి పప్పన్నం పెట్టారు, వాళ్లు చేసిందల్లా అది, సరే, ఒక పని చెయ్యి విజయశ్రీ, పాఠం చెప్తావు కదా రోజూ, రెండు విషయాలు పక్కపక్కన ఉన్నంతమాత్రాన ఒకటి ఇంకోదానికి కారణం కాదు, ముందు తేదీలు చూడు అని పిల్లల బుర్రలు తింటావు కదా, చూడు తేదీలు, బస్సు అద్దాలు పగిలిన రోజు ఆత్రేయ అన్నాడు, స్కూలు మారుద్దామా అని, వద్దు అన్నాను, గ్యాసు పడిన రాత్రి అన్నాడు, ఏడుస్తూ కూడా వద్దన్నాను, చూద్దాం అన్నాను, నేమ్‌ప్లేటు రోజున అన్నాడు, సిగ్గులేదూ వాళ్లకి అన్నాను, మరి సరే కనుక్కో అన్నది ఎప్పుడు, ఏ సాయంత్రం, అన్నం వడ్డిస్తూ, అతను అడక్కుండానే, నేనే, ఆ స్కూలేదో కనుక్కో ఒకసారి అన్నాను, ఆ పొద్దున్నే రాజలింగం ఎడంచేత్తో గ్లాసు పెట్టాడు, ఆ పొద్దున్నే అలాగా అన్నాను, అదే రోజు, అమ్మో, అదే రోజు, భయం వేసినన్నాళ్లూ ఉన్నాను, భయం ఇంకా వేసవిదాకా ఉన్నా ఉండేదాన్నే, నన్ను కదిపింది భయం కాదు, సిగ్గు, ఊరంతా గొడవగా ఉంది కాబట్టి ఆ గొడవ వెనక్కి పోయి నిలబడ్డాను, ఎవరడిగినా ఆంధ్రావాళ్లం కదండీ మా ఇబ్బంది మాది అంటే చాలు, ఎవరూ మారు మాట్లాడరు, రాజలింగం కూడా అయ్యో నిజమే మేడం అంటాడు, ముద్ర కూడా కొట్టించి తెస్తాడు.

అన్నపూర్ణ వచ్చి పక్కనే చాప మీద చతికిలబడింది, చేతికి సుద్ద, ఏమ్మా, రాసినావా, గంట కొట్టే పొద్దయింది అంది, లేదండీ అన్నాను, కొట్టేసిన అక్షరాలు చూసింది, చూడనట్టు మొహం తిప్పుకుంది, కష్టమే లే, ఇందులో రాసినోళ్లందరూ మంచోళ్లే, ఒక్కరూ నిజం రాయలే, నేనైతే చదివేది చదువుతాను, పిల్లోళ్లు నా మొకం దిక్కు చూస్తారు చూడు, అప్పుడు నాకు కండ్లు ఏడ పెట్టుకోవాల్నో తెలీదు అంది, అన్నపూర్ణగారూ, నేను నిజం రాస్తే చదువుతారా అన్నాను, ఎట్లాంటి నిజమైనా చదివే భాషలో రాసినావంటే చదువుతా, నాలుగో తరగతి వాచకంలో ఉన్నట్టు రాయి, చిన్న చిన్న వాక్యాలు అని లేచింది, చిన్న చిన్న వాక్యాలు, వందల పేజీల థీసిస్ రాసినదాన్ని, కలం పట్టుకుని రాశాను, డిసెంబరులో బడి మీద పొగ పడింది, రజిత వాళ్ల నాన్న స్నిగ్ధని కాపాడి తన ఇంటికి తీసుకువెళ్లాడు, అన్నం పెట్టాడు, నేను ఆయన పేరు పోలీసులకి చెప్పాను, ఆయన తప్పు ఏమీ లేదు, పోలీసులు ఆయన్ని తీసుకువెళ్లారు, ఆయన చేతికి దెబ్బ తగిలింది, నా పేరు ఎవరో ఇచ్చారు అని ఆయన నాతోనే అన్నాడు, నేనే అని నేను చెప్పలేదు, అప్పటినుంచి నాకు రజిత ముఖం చూడాలంటే సిగ్గుగా ఉంది.

కలం ఆగింది, ఇంకా ఏదో రాయాలి, ఈ వాక్యం తర్వాత ఒకటి ఉండాలి, అందుకని స్నిగ్ధ ఈ బడి మానేస్తోంది అని, అదే కదా రాయడానికి కూర్చున్నది, కారణం ముందు, పని తర్వాత, రాయబోయాను, కుదరలేదు, మళ్లీ మొదటినుంచి చదివాను, పిల్లలు చదివినట్టు వాక్యం కింద వేలు పెట్టుకుని, పొగ పడింది, కాపాడాడు, అన్నం పెట్టాడు, చెప్పాను, చెప్పలేదు, సిగ్గుగా ఉంది, ఇరవై ఆరుమంది వింటారు, విని అడుగుతారు, మరి స్నిగ్ధ ఎందుకు పోవాలె టీచర్ అని, అడిగే తీరతారు, ఏ పిల్లవాడైనా అడిగే ప్రశ్నే, గంట కొట్టారు, చాపల మీద నుంచి లేస్తున్నారు, అన్నపూర్ణ చెయ్యి చాచింది, పుస్తకం ఇవ్వలేదు, గుండెలకి పట్టుకున్నాను, ఇది పిల్లలు వినేముందు రాజలింగం వినాలండీ, నా నోటితో, డిపార్ట్‌మెంటుకి వెళ్లి చెప్పి వస్తాను, ఆయన ఒప్పుకుంటే అప్పుడు చదవండి, లేకపోతే రజిత ఒక్కదానికే నేను చెప్తాను అన్నాను, ఆవిడ నా మొహంలోకి చూసి, మరి టీసీ రాయనా వద్దా అంది, వద్దండీ అన్నాను, ఎలా రాస్తారు, మొత్తం చదివి చూశాను, ఇందులో తప్పు చేసినదంతా నేనే, పిల్ల వెళ్లిపోవాల్సిన కారణం ఒక్కటి కూడా లేదు.